కొండవీటిలో ఓడినవాళ్లు

1515 జూన్ 23, శనివారం. శకవర్షం 1437, యువ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశి. తెలుగు ఇళ్లలో అది తొలి ఏకాదశి. ఉపవాసాలు, పేలపిండి, గుళ్లో హరినామం. ఆ రోజున విజయనగర సైన్యం కొండవీటి కోటకు లగ్గలు పట్టి గోడ దాటింది. లోపలున్న గజపతి రాకుమారుడు వీరభద్రుడు ప్రాణాలతో చిక్కాడు.

అదే తిథి పూరీలో సునా బేశ. గుండిచా గుడి నుంచి తిరిగొచ్చిన జగన్నాథుడికి రథం మీదే బంగారు చేతులూ, బంగారు పాదాలూ, కిరీటమూ పెట్టి అలంకరిస్తారు. ఈ వేడుకను మొదలుపెట్టింది కపిలేంద్ర గజపతి అనీ, దక్షిణాది రాజులను గెలిచి బండ్లకొద్దీ తెచ్చిన బంగారాన్ని స్వామికి సమర్పించాడనీ పూరీలో చెప్పుకుంటారు. ఆ కపిలేంద్రుడి మనవడే ప్రతాపరుద్రుడు. మునిమనవడు కొండవీట్లో చిక్కిన వీరభద్రుడు. తాత గెలిచిన దక్షిణం తాత పెట్టిన పండుగనాడే చేజారింది.

ఈ కథను మనం ఎప్పుడూ గోడకు బయట నిలబడే విన్నాం. ఎందుకు వినమూ? గోడకు బయట ఉన్నది శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద రాసినవాడు, పెద్దన పల్లకీకి భుజం పట్టాడని మనం మురిసిపోయే రాజు. బడి పుస్తకంలోనూ, సినిమాలోనూ, హరికథలోనూ ఎదుటివాడి పేరు ఒక్క ముక్కలో అయిపోతుంది: గజపతి. అతనికి ఒక ఇల్లుందనీ, భార్యాబిడ్డలున్నారనీ, అతని కోటల్లో అన్నం తిన్నవాళ్లు వేలల్లో ఉన్నారనీ పట్టించుకున్న కథకుడు అరుదు. లోపల ఎవరున్నారని అడిగితే మాత్రం కొంచెం ఇబ్బందే. ఎందుకంటే లోపలున్నవాళ్లలో చాలామంది మనవాళ్లు.

రాయల విజయాలను చెప్పే శాసనాలు కొండవీట్లో పట్టుబడ్డ సామంతుల పేర్లను ఒక్కొక్కటిగా చెక్కించాయి. గెలిచినవాడు తన గొప్ప కోసం చెక్కించిన పట్టీయే ఇవాళ ఓడినవాళ్లకు మిగిలిన ఆనవాలు. ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు. కుమార హమ్మీర పాత్రుడి కొడుకు నరహరిదేవుడు. రాచూరి మల్లూఖాను. ఉద్దండఖాను. జన్యాల కసవాపాత్రుడు. పూసపాటి రాచిరాజు. శ్రీనాథరాజు. లక్ష్మీపతిరాజు. పశ్చిమ బాలచంద్ర మహాపాత్రుడు. వీళ్లను ప్రాణాలతో పట్టుకుని అభయమిచ్చినట్టు శాసనం చెబుతుంది.

ఈ పేర్లను ఒకసారి పైకి చదివి చూడండి. ఒడ్డె మహాపాత్రుల పక్కన తెలుగు రాజులున్నారు, వాళ్ల పక్కన ఖానులున్నారు. పూసపాటి అన్న ఇంటిపేరు మనకు కొత్త కాదు. ఉత్తరాంధ్రలో విజయనగర సంస్థానాన్ని తరవాత ఏలింది ఆ ఇంటిపేరువాళ్లే. ఆ యుద్ధాన్ని ఒక జాతికీ మరో జాతికీ మధ్య జరిగినట్టో, ఒక మతానికీ మరో మతానికీ మధ్య జరిగినట్టో చెప్పేవాళ్లు ఈ పట్టీని చూసి ఉండరు. ఇటువైపూ తెలుగు, అటువైపూ తెలుగు. ఇటు కొట్టింది హరిహర నామం జపించేవాళ్లు, అటు కాచింది జగన్నాథుడి సేవకుణ్ణని చెప్పుకునే రాజు.

గజపతుల ఏలుబడి మంచి రోజులని నేననను. 1454 ప్రాంతంలో కపిలేంద్రుడి సైన్యాలు ఒకప్పటి రెడ్డి రాజుల కొండవీటిని విజయనగరం చేతి నుంచి తీసుకున్నాయి. మధ్యలో కొన్నేళ్లు చేజారి బహమనీల పాలైనా మళ్లీ తిరిగొచ్చింది. మొత్తమ్మీద అరవై ఏళ్ల ముచ్చట. ఒడ్డెదొరల పన్నుల గురించి తెలుగు జనం మంచిమాట చెప్పుకోలేదు. అదే కొండవీట్లో రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు ముసలితనంలో కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు తీసుకున్నాడనీ, ఏరు పంటను మింగేస్తే శిస్తు కట్టలేక నడివీధిలో ఎండలో బండ మోశాడనీ చాటుకథలు చెబుతాయి. కథలో నిజం పాళ్లు ఎంతైనా, ఆ పాలన మీద జనానికున్న కసి మాత్రం అందులో కనబడుతుంది. అయినా అరవై ఏళ్లంటే రెండు తరాలు. ఆ రెండు తరాలలో అక్కడే పుట్టి, అక్కడే కొలువు చేసి, అక్కడే పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లకు గజపతి పరాయివాడు కాడు. వాళ్ల దొర.

ఈ ముట్టడికి బీజం రాయల కంటే ముందే పడింది. సాళువ నరసింహుడు పోతూ పోతూ మూడు కోటలు తన చేతికి రాలేదని బాధపడ్డాడనీ, వాటిని సాధించమని తన వెనక వచ్చేవాళ్లకు అప్పగింత పెట్టాడనీ పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. రాచూరు, ఉదయగిరి, కొండవీడు. మూడింటిలో రెండు గజపతివి. 1509లో గద్దెనెక్కిన కృష్ణదేవరాయలికి అది పాత బాకీ. ప్రతాపరుద్రుడు అప్పటికి పన్నెండేళ్లుగా రాజు. దక్షిణాన ఉదయగిరి నుంచి ఉత్తరాన గంగ దాపుదాకా పరిచిన రాజ్యం, ఒక కొస కాస్తే ఇంకో కొస ఊడే రాజ్యం. అదే 1509 ప్రాంతంలో అతను దక్షిణాన ఉండగా బెంగాలు సుల్తాను హుసేన్ షా సేనలు ఒరిస్సాలో చొరబడ్డాయి. అతను పరుగున వెనక్కి వెళ్లాల్సొచ్చింది. తాత కాలంలో ఎల్లలు పెరుగుతుంటే పండుగలా ఉండేది. మనవడికి ఆ ఎల్లలే మెడకు చుట్టుకున్నాయి.

1513లో రాయలు ఉదయగిరి కిందికొచ్చాడు. నెల్లూరు సీమలో మూడువేల అడుగుల కొండ, నిట్రమైన చరియలు, పైకి కాలిబాటలు తప్ప దారి లేదు. లోపల గజపతి దగ్గరి బంధువు తిరుమల రౌతరాయలు. పదివేలమంది కాల్బలం, నాలుగువందల గుర్రాలు ఉన్నాయని నూనిజ్ లెక్క. అతని అంకెలను నేను పూర్తిగా నమ్మను, గుర్రాలమ్మేవాడికి గుర్రాల సంఖ్య ఎప్పుడూ ఎక్కువే కనబడుతుంది. కానీ అతను చెప్పిన ఒక సంగతి నమ్మబుద్ధేస్తుంది: కొండకు దారి లేకపోతే రాయలు బండలు పగలగొట్టించి దారులు వేయించాడట. ఏడాదిన్నర పాటు సాగిన ముట్టడి అది. పైనున్నవాళ్లకు ఆ ఏడాదిన్నరా ప్రతి పొద్దూ వినబడింది సుత్తుల చప్పుడే అనుకోవాలి. బాణం దూరంలో లేని శత్రువు రోజుకింత చొప్పున రాయి కొట్టుకుంటూ దగ్గరవుతుంటాడు. కొట్లో ధాన్యం రోజుకింత చొప్పున తరుగుతుంటుంది.

1514 జూన్ నాటికి ఉదయగిరి పోయింది. తిరుమల రౌతరాయలు బందీ. గజపతి ఇంటి పెద్దావిడ ఒకామె కూడా దొరికిందనీ, ఆమెను మర్యాదగా తీసుకెళ్లారనీ నూనిజ్ అంటాడు. ఆమె వెంట ఇంకొకరు కూడా బందీగా వెళ్లారు. ఉదయగిరిలో పూజలందుకున్న బాలకృష్ణుడు. రాయలు జూలైలో తిరుమలకు పోయి శ్రీనివాసుడికి ముప్పైవేల వరహాలతో కనకాభిషేకం చేశాడు. 1515 ఫిబ్రవరిలో విజయనగరంలో కొత్త గుడి కట్టించి బాలకృష్ణుణ్ణి అందులో ప్రతిష్ఠించాడు. గుడి గోపురం మీద యుద్ధం దృశ్యాలు గచ్చుబొమ్మలుగా ఇప్పటికీ కొన్ని మిగిలాయి. యుద్ధంలో గెలిచి దేవుణ్ణి తెచ్చుకోవడం ఆ రోజుల్లో రాజధర్మం. ఉదయగిరివాళ్ల వైపు నుంచి చూస్తే ఊళ్లో దీపం పెట్టే గుడి బోసిపోవడం. ఆ విగ్రహం ఇవాళ హంపీలోనూ లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది, దెబ్బతిని.

ఆ ప్రతిష్ఠ అయిన నాలుగు నెలలకు కొండవీడు పడింది. అంటే ముట్టడి నడిచింది నడివేసవిలో. గుంటూరు సీమ ఎండలు ఎరిగినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ముందు చుట్టూ ఉన్న కోటలు పోయాయి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగేడ, కేతవరం. శాసనాలు వీటిని ఒక్క ఊపులో పట్టినట్టు చెబుతాయి. వీటిలో ప్రతిదానికీ ఒక దుర్గాధిపతి ఉంటాడు, అతనికి కొండవీటి నుంచి సాయం వస్తుందన్న ఆశ ఉంటుంది. కొండవీటిలో ఉన్నవాళ్లు రోజూ ఒక కొత్త కబురు వింటూ గోడ మీద కాపలా పెంచుకున్నారు. సాయం వాళ్లకే రావాలి, అదీ గజపతి రాజధాని కటకం నుంచి.

కొండవీడు కొండల వరస మీద అల్లుకున్న కోట. ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి గోడ, మధ్య మధ్య బురుజులు, కొండ మీదే చెరువులు. కొండల నడుమ పల్లంలో బజార్లూ గుళ్లూ ఉన్న ఊరు. రెడ్లు అంత తెలివిగా కట్టుకున్నారు. కానీ అంత పొడుగు గోడను కాయడానికి అంతమంది మనుషులు కావాలి, అంతమందికీ నీళ్లు కావాలి. కొండవీటి చాంతాడు అన్న మాట ఊరికే పుట్టలేదు. కొండ మీద చెరువులు వాన పడితేనే నిండుతాయి, ఊళ్లో బావుల నీళ్లు పాతాళంలో ఉంటాయి. ఎండాకాలం ముదిరేకొద్దీ చెరువుల అంచు నుంచి నీళ్లు వెనక్కి జరిగి నెర్రెలిచ్చిన మట్టి బయటపడుతుంది. ఏనుగులున్న కోటలో మొదట కటకటలాడేది ఏనుగులే. గజపతి సేనకు పేరే ఏనుగుల మీద వచ్చింది, ముట్టడిలో ఉన్న ఏనుగు మాత్రం రోజూ బండెడు మేతా కుండలకొద్దీ నీళ్లూ అడిగే నోరు.

గజపతి రాలేదా? వచ్చాడంటాడు నూనిజ్. పదమూడువందల ఏనుగులు, ఇరవైవేల గుర్రాలు, అయిదు లక్షల కాల్బలంతో వచ్చాడనీ, పెద్ద ఏటి ఒడ్డున రాయలతో తలపడి ఓడి వెనుదిరిగాడనీ అతని కథనం. అంకెలు పక్కనపెట్టినా, కృష్ణ ఒడ్డున సహాయసేన ఓడిందన్న మాట కోటలోకి చేరిన రోజున ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ముట్టడిలో ఉన్నవాళ్లు తిండిలేక కొన్నాళ్లు బతుకుతారు, నీళ్లు తక్కువైనా సర్దుకుంటారు. బయట నుంచి ఎవరూ రారని తెలిశాక గోడ మీద నిలబడ్డవాడి చూపు మారిపోతుంది.

మృగశిర కార్తె దాటింది, ఆషాఢం వచ్చింది. లగ్గలు పట్టిన రోజున ఏం జరిగిందో శాసనం రెండు ముక్కల్లో తేల్చేసింది. లగ్గలు పట్టడమంటే నిచ్చెనలు వేసి, తాళ్లు విసిరి, పైనుంచి రాళ్లూ కాగిన నూనే పడుతున్నా ఒకరి మీద ఒకరు ఎక్కడం. ఎక్కినవాళ్ల పేర్లూ, తోసేసినవాళ్ల పేర్లూ ఏ రాతిమీదా లేవు. పట్టీలో చోటు దొరికింది దొరలకే. వీరభద్రుడికి అప్పటికి ఎన్నేళ్లో గానీ, కత్తిసాములో దిట్ట అన్న పేరు అప్పటికే ఉంది.

ఆ పేరే అతని మెడకు ఉచ్చయిందని నూనిజ్ కథ. నూనిజ్ రాకుమారుడు దొరికింది కొండపల్లిలో అంటాడు, శాసనాలు కొండవీడంటాయి. ఇక్కడ రాతి మాటే నమ్మాలి. కొండపల్లి ఆ తరవాత పడింది. అక్కడ ప్రహరరాజ శిరశ్చంద్ర మహాపాత్రుడు, బోడజన మహాపాత్రుడు, బిజిలీఖాను చిక్కారు, గజపతి రాణి కూడా అక్కడే చిక్కిందని నూనిజ్ మాట. సరే, ఎక్కడ దొరికితేనేం, కుర్రవాణ్ణి విజయనగరం తీసుకెళ్లారు. నీ కత్తిసాము గొప్పదని విన్నాం, ఒకసారి చూపించమన్నాడు రాయలు. రేపు చూపిస్తానన్నాడు రాకుమారుడు. మర్నాడు ఎదురుగా నిలబెట్టిన మనిషి రాచబిడ్డ కాడు, కత్తిలో ఆరితేరిన మామూలు బంటు. కులం తక్కువవాడితో చేయి కలపడం నాకు అవమానం అని గజపతి కొడుకు తన కత్తితో తానే పొడుచుకుని చనిపోయాడు.

ఈ కథ విని కన్నీళ్లు పెట్టుకున్న తరాలున్నాయి. ఒడియా వాళ్లకు ఇది తగ్గని పుండు. నాకూ ఆ కుర్రవాడి మీద జాలి కలుగుతుంది, బందీని ఆటబొమ్మను చేసి చూడాలనుకున్న సభ మీద కోపమూ వస్తుంది. కానీ కథలో నాకు గుచ్చుకునేది ఇంకొకడు. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డ ఆ బంటు. గజపతి కొడుక్కి సమవుజ్జీ అని రాజే ఎంచి పిలిపించాడు కదా, అంటే ఆ విద్యలో అతను తక్కువవాడు కాడు. నూనిజ్ అతని పేరు అడగలేదు. పొమ్మంటే ఆ బంటు పోయి ఉంటాడు. తన ముందు నిలబడడం కంటే చావు మేలని ఒక రాజకుమారుడు చచ్చిపోయాడన్న సంగతిని అతను ఇంటికెళ్లి భార్యకు ఏమని చెప్పుకున్నాడో.

నూనిజ్ విజయనగరంలో ఉన్నది ఇదంతా జరిగిన ఇరవై ఏళ్లకు. బజార్లో, గుర్రాల సంతలో విన్నది రాసుకున్నాడు. తెలుగువాళ్లం మనం విన్నది ఇంకో రకం. రాయవాచకంలో, కృష్ణరాయవిజయంలో గజపతి ఓటమికి కారణం కత్తి కాదు, అప్పాజీ బుర్ర. గజపతి దగ్గర పదహారుమంది పాత్రసామంతులు, ఒక్కొక్కడూ ఒక్కో కొండ. వాళ్లను ఎదిరించడం కష్టమని రాయల మంత్రి సాళువ తిమ్మరుసు, అదే అప్పాజీ, ఎత్తు వేస్తాడు. పెట్టెలనిండా బంగారం, వెంట జాబులు: మనం అనుకున్నట్టే మీ రాజును మాకు పట్టివ్వండి, ఇదిగో బహుమానం. ఆ పెట్టెలు సామంతులకు కాకుండా గజపతి చేతికే చిక్కేలా పంపిస్తాడు. గజపతి ఆ జాబులు చదివి, తనవాళ్లే తనను అమ్ముకున్నారని బెదిరి, రాత్రికి రాత్రే పారిపోతాడు. తెల్లారి పదహారుమందీ రాజు కోసం వెతుక్కుంటారు.

చిన్నప్పుడు ఈ కథ విని అప్పాజీ తెలివికి చప్పట్లు కొట్టనివాడు లేడు. ఇప్పుడు చదివితే ఆ పదహారుమంది గుర్తొస్తారు. తప్పు చేయనివాళ్లు, రాజు కోసం చావడానికి సిద్ధపడి పొద్దున్నే లేచి కవచాలు బిగించుకున్నవాళ్లు. కథ కల్పితమే కావచ్చు. ఓటమి బాధను ఓడినవాడి పిరికితనంగా మార్చి చెప్పడం గెలిచినవాళ్ల ఇళ్లలో మామూలే.

నిజానికి ప్రతాపరుద్రుడు అంత తేలికైన మనిషి కాడు. సరస్వతీవిలాసం లాంటి ధర్మశాస్త్ర గ్రంథం అతని పేరున వెలిసింది. 1510లో వైష్ణవ సన్యాసి చైతన్యుడు పూరీ చేరాక రాజ్యం నడిపే మనసూ, రథం ముందు చీపురు పట్టే మనసూ అతనిలో పోట్లాడుకున్నాయి. రాజును చూడనని చైతన్యుడు పట్టుబడితే, ఆ దర్శనం కోసం గజపతి ఎదురుచూసిన కథ వైష్ణవుల ఇళ్లలో అందరికీ తెలుసు. మన రాజమహేంద్రవరంలో అతని తరఫున అధికారిగా ఉన్న రామానందరాయలు గోదావరి ఒడ్డున చైతన్యుణ్ణి కలిసి, తరవాత కొలువు వదిలి పూరీ వెళ్లిపోయాడు. భక్తి వల్లే కళింగం చెడిందని కొందరు చరిత్రకారులు గట్టిగా అన్నారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఒక పక్క బెంగాలు, ఒక పక్క విజయనగరం, నడుమ కోటకొక మహాపాత్రుడు. ఈ స్థితిలో నాస్తికుడు మాత్రం గెలిచేవాడా?

రాయలు అక్కడితో ఆగలేదు. కొండవీడు తీసుకున్నాక అమరావతిలో అమరేశ్వరుడి ముందు తులాపురుషదానం చేశాడు. మళ్లీ బయల్దేరి కొండపల్లి, రాజమహేంద్రవరం, సింహాచలం, పొట్నూరు. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. 1519 ప్రాంతంలో సంధి కుదిరింది. కృష్ణ ఎల్ల. ఏటికి ఉత్తరాన గెలిచిందంతా రాయలు గజపతికి తిరిగి ఇచ్చేశాడు. బదులుగా గజపతి కూతురు విజయనగరం వచ్చింది.

ఆ అమ్మాయి పేరు కూడా ఒక్కటిగా నిలవలేదు. జగన్మోహిని అన్నారు, అన్నపూర్ణ అన్నారు, తుక్క అన్నారు, కంభం వైపు వరదరాజమ్మ అన్నారు. పెళ్లిరాత్రి రాయలను పొడవమని తండ్రి ఆమెకు కత్తి ఇచ్చి పంపాడనీ, అప్పాజీ పసిగట్టాడనీ ఒక కథ. రాయలు ఆమె మొహం చూడలేదనీ, కంభంలో ఒంటరిగా ఉంచాడనీ, అక్కడి పెద్ద చెరువు ఆమె చలవేననీ ఇంకో కథ. తుక్కాపంచకమని అయిదు సంస్కృత శ్లోకాలు ఆమె పేరున చలామణీలో ఉన్నాయి, వలచి రాని తుమ్మెద మీద నిష్ఠూరం. అవి ఆమెవే అని రుజువు చేయడం కష్టం. అన్న బందీగా పోయిన ఊరికి చెల్లెలు పెళ్లికూతురిగా వచ్చింది. అది మాత్రం నిజం.

కొండవీటికి తిమ్మరుసు అధిపతి అయ్యాడు, అతని మేనల్లుళ్లు నాదెండ్ల అప్ప, గోప పాలన చూశారు. 1520 నాటి శాసనం ఒకటి ఉంది, రఘునాయకస్వామి గుడి కోసం కొండవీటి బజారుకొచ్చే సరుకుల మీద వేసిన సుంకాల పట్టీ. ఉప్పు, మామిడిపళ్లు, వంకాయలు, జొన్నలు, చింతపండు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, అల్లం, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, బెల్లం, నెయ్యి, ఆముదం, సీసం, తగరం, రాగి, ఉలులు, మిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి. కొత్త గోనెసంచులు కూడా. మంగలం మీద పేలాలు వేగినంత సేపు కూడా బజారు శోకం పట్టదు. అయిదేళ్లలో ఊరు ఇంత కళకళలాడుతోందంటే సంతోషమే. ఆ వంకాయలమ్మే వాళ్లలో గోడ మీద కొడుకునో మొగుణ్ణో పోగొట్టుకున్నవాళ్లు ఎందరున్నారో సుంకం లెక్కలో రాయరు.

ఊరు మరిచిపోని సంగతులు వేరే దారిలో బతికాయి. కొండవీటి గోపీనాథస్వామి గుళ్లో కత్తుల బావి చూపిస్తారు. గుడి పండుగకు డెబ్భై రెండు మంది దొరలను పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, నరికి ఆ బావిలో వేశారని చెబుతారు. చరిత్ర దీన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ కోట చేతులు మారడం నిచ్చెనలతో మాత్రమే జరగలేదని ఊరి జనం నమ్మకం.

గెలిచినవాళ్లకూ ఆ గెలుపు ఎన్నాళ్లో నిలవలేదు. రాయల చిన్నకొడుకు తిరుమలరాయలు చనిపోతే, విషం పెట్టారన్న అనుమానంతో తిమ్మరుసు కళ్లు పొడిపించి చెరలో వేశారు. అప్పాజీ అని పిలిచిన నోటితోనే ఆ ఆజ్ఞ. 1529లో రాయలు పోయాడు. ప్రతాపరుద్రుడు 1540 దాకా ఉన్నాడు. బిరుదుల్లో నవకోటి కర్ణాట కలబరిగేశ్వరుడు, చేతిలో కర్ణాటమూ లేదు, కలబరిగీ లేదు. అతను పోయాక అతని కొడుకులను మంత్రి గోవింద విద్యాధరుడే చంపించి గద్దెనెక్కాడు. కపిలేంద్రుడి సూర్యవంశం అలా ఆరిపోయింది. 1579 ప్రాంతంలో గోల్కొండ సేనలు కొండవీటిని తీసుకుని ముర్తజానగరమని పేరు పెట్టాయి. ఇప్పుడక్కడికి ఘాట్ రోడ్డుంది, సెలవురోజుల్లో కుర్రకారు బైకుల మీద వస్తారు.

వీరభద్రుడి సంగతి ఇంకా ఉంది. కన్నడ దేశంలో, ఇప్పటి దావణగెరె దగ్గర, 1516 నాటి శాసనం ఒకటి దొరికింది. అంటే కొండవీడు పడిన మరుసటి ఏడు. కృష్ణరాయ మహారాయలు తనకు మలెయ బెన్నూరు సీమను నాయంకరంగా ఇచ్చారనీ, తాను ఆ సీమలో పెళ్లి సుంకం మాన్పుతున్నాననీ అందులో చెప్పినవాడు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్ర గజపతి. నూనిజ్ చెప్పిన చావు ఆ తరవాత ఎప్పుడైనా జరిగిందో, అసలు జరగనే లేదో పండితులు వాదించుకుంటారు. నేను రాతి పక్షం. కత్తితో పొడుచుకున్న రాకుమారుడి కథ కంటే ఇదే నాకు ఎక్కువ బరువుగా ఉంటుంది. తనను పట్టుకున్నవాడి చలవతో, భాష తెలియని ఊళ్లో, ఎక్కడో దొరికిన చిన్న సీమకు దొరగా కూర్చుని, రోజూ లెక్కలు చూసుకుంటూ బతకడం. సుంకం మాన్పిన పుణ్యం ఎవరికి చెందాలో కూడా శాసనం చెప్పింది. రెండు పేర్లున్నాయి. ఒకటి తన తండ్రి ప్రతాపరుద్ర గజపతి, రెండోది కృష్ణరాయ మహారాయలు. అప్పటికి ఆ ఇద్దరికీ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.